అప్‌డేట్: ఏటీఆర్ కో-పైలట్ ఆఫర్, బాండ్ సంగతి

మా తమ్ముడికొచ్చిన ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ విమానం) కో-పైలట్ ఆఫర్‌లో బాండ్ (ముందే మానేస్తే సొమ్ము కడతాననే ఒప్పందం) మీద సంతకం పెట్టాలా వద్దా అని అడిగాను కదా. పెట్టేశాడు, కొన్ని దిద్దించుకున్నాకే.

టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత శిక్షణ) ఖర్చు కంపెనీదే కాబట్టి బాండ్ అడగడం న్యాయమే. కానీ ఎప్పుడు మానేసినా మొత్తం సొమ్ము కట్టాలనడం కుదరదు. పనిచేసిన నెలల లెక్కన తగ్గేలా రాయించాం.

అసలు మెలిక గంటల్లో ఉంది. జీతంలో పెద్ద ముక్క బ్లాక్ గంటలదే, అంటే విమానం కదలకుండా చక్రాల దగ్గర పెట్టే అడ్డుదిమ్మలు (చోక్స్) తీసింది మొదలు మళ్లీ పెట్టేదాకా. గన్నవరం–హైదరాబాద్ సుమారు గంట. రోజుకు 4 సెక్టార్లు (ఒక్కో టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఒకటి) తిప్పితే బ్లాక్ 4-5 గంటలు, డ్యూటీ మాత్రం రిపోర్టింగ్, మధ్యలో ఆగుడు కలిపి 8 దాకా పోతుంది. చిన్న రూట్లలో పైలట్లు నిలవకుండా జెట్ వైపు చూసేది అందుకే. పొగమంచుకి ఫ్లైట్ రద్దయితే ఆ గంటలూ గోవిందా (గన్నవరం జనవరి పొద్దులు తెలిసినవేగా). అందుకని నెలకు కనీస గంటల గ్యారంటీ పట్టుబట్టి పెట్టించాం.

వారపు విశ్రాంతి కాగితంలో ఇంకా 36 గంటలనే ఉంది. 2025 జులై నుంచి నిబంధన ప్రకారం అది 48, దిద్దారు.

మానేసే ముందు ఇవ్వాల్సిన నోటీసు గడువు మాత్రం కదల్లేదు. 2017 డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం కో-పైలట్‌కి 6 నెలలు, కమాండర్‌కి ఏడాది. కంపెనీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇస్తే ముందే కదలొచ్చు.