బాబీ ఓర్ ఆట తొందరగా ముగియడం ఆయన స్థానాన్ని తగ్గిస్తుందా?

బోస్టన్ ప్రవాసి:
ఐస్ హాకీలో అత్యుత్తముడు ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా చాలామంది వేన్ గ్రెట్స్కీ పేరు చెప్పి, డిఫెన్స్ ఆటగాడైన బాబీ ఓర్ ఆడినవి 657 మ్యాచ్‌లే కనుక ఆయనను పోటీలోకే తీసుకోనక్కర్లేదంటారు. ఈ మాట నాకు అన్యాయంగా తోస్తుంది. 1966లో, పద్దెనిమిదేళ్ల వయసులో ఉత్తర అమెరికా లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో బోస్టన్ బ్రూయిన్స్ తరఫున బరిలోకి దిగిన ఓర్, ఎడమ మోకాలికి మళ్లీ మళ్లీ శస్త్రచికిత్సలు చేయించుకుంటూనే, ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్ ట్రోఫీని 1968 నుంచి 1975 వరకు వరుసగా ఎనిమిదిసార్లు గెలిచాడు. ఆ తరువాత ఆడిన మూడు సీజన్లలో కలిపి లీగ్‌లో ఆయన ఆడగలిగినవి 36 మ్యాచ్‌లే. 1978లో ముప్ఫై ఏళ్లకే ఆట వదిలేశాడు. మోకాలు సహకరించకపోవడాన్ని ప్రతిభలో లోపంగా ఎలా లెక్కిస్తాం?

అంకెల పక్షం:
ప్రవాసి గారూ, ఓర్ గొప్పతనంపై నాకు అనుమానం లేదు. అయితే 1967లో ఎన్‌హెచ్‌ఎల్ ఒక్కసారిగా ఆరు జట్ల నుంచి పన్నెండు జట్లకు పెరిగిందని, ఆయన ఘన విజయాలన్నీ బలహీనమైన కొత్త జట్లున్న ఆ కాలంలోనివేనని మరచిపోకూడదు. 1970–71లో ఆయన ప్లస్-మైనస్ (ఆయన బరిలో ఉండగా జట్టు చేసిన, ఇచ్చిన గోల్స్ తేడా) +124 నేటికీ రికార్డే, కానీ అదే ఏడాది అదే జట్టులో ఫిల్ ఎస్పొజీటో 76 గోల్స్ చేశాడు, అంటే ఆ ఘనత ఓర్ ఒక్కడిదే కాదు. ఇక కాలవ్యవధి మాటకొస్తే, గ్రెట్స్కీని కూడా ముప్ఫై ఏళ్ల దగ్గరే ఆపి చూడండి: లీగ్ విజేతకు దక్కే స్టాన్లీ కప్‌లు నాలుగు, అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీలు తొమ్మిది, రెండు వేలకు పైగా పాయింట్లు (గోల్స్, గోల్‌కు సాయపడిన పాస్‌ల మొత్తం) అప్పటికే ఆయన ఖాతాలో ఉన్నాయి.

బోస్టన్ ప్రవాసి:
మీ చివరి మాట బలమైనది. వ్యవధిని అడ్డుపెట్టుకుని నేను వాదించలేనని ఒప్పుకుంటున్నాను. కొత్త జట్ల వాదనకు మాత్రం 1976 కెనడా కప్ జవాబు చెబుతుంది. సోవియట్, చెకొస్లొవేకియా జట్లు ఆడిన ఆ పోటీలో, మోకాలు దాదాపు పనికిరాని స్థితిలోనూ ఓర్ ఏడు మ్యాచ్‌ల్లో 9 పాయింట్లు సాధించి, పోటీ మొత్తంలో ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. లీగ్‌లో పాయింట్ల పట్టికలో మొదటి స్థానానికి దక్కే ఆర్ట్ రాస్ ట్రోఫీని ఆయన రెండుసార్లు గెలిచాడు. మరే డిఫెన్స్ ఆటగాడూ ఒక్కసారైనా గెలవలేదు. గోల్స్ వెల్లువెత్తిన 1985–86లో, గ్రెట్స్కీతో కలిసి ఒకే జట్టులో ఆడిన పాల్ కాఫీ 138 పాయింట్ల దాకా వచ్చి, ఒకే సీజన్‌లో ఓర్ నెలకొల్పిన 139కి ఒక్క పాయింటు దూరంలో ఆగిపోయాడు. తన గోల్‌ను కాపాడుకోవలసిన స్థానంలో ఉంటూ ఎదుటి గోల్ వద్ద ఇంత చేసిన మనిషిని, గ్రెట్స్కీ వంటి, కేవలం దాడి చేసే సెంటర్ ఆటగాడితో పాయింట్ల తూకంలోనే తూచడం నాకు సరికాదనిపిస్తుంది.

టొరంటో నుంచి:
పక్‌ను (ఐస్ హాకీలో కొట్టే రబ్బరు బిళ్లను) వెనుక నుంచి నడిపించే డిఫెన్స్ ఆటను ఓరే కనిపెట్టాడన్నట్టు కొందరు రాస్తారు. కానీ 1950లలోనే మాంట్రియల్ జట్టులో డిఫెన్స్ ఆటగాడు డగ్ హార్వీ ఆట వేగాన్ని తన చేతుల్లో ఉంచుకునేవాడు. ఓర్ దాన్ని ఎవరూ ఊహించని దూరం తీసుకువెళ్లాడన్నదే న్యాయమైన మాట.

అంకెల పక్షం:
కెనడా కప్ విషయం అంగీకరిస్తున్నాను. కానీ హార్ట్ ట్రోఫీ ఓర్‌కు మూడుసార్లే వచ్చింది; 1974లో అది ఆయన జట్టులోనే ఉన్న ఎస్పొజీటోకు వెళ్లింది.

బోస్టన్ ప్రవాసి:
డిఫెన్స్ ఆటగాళ్లకు నోరిస్ ఉంది కదా అని హార్ట్ ఓట్లు ఇతర స్థానాల వైపు మొగ్గుతాయని నా అభిప్రాయం. 1972లో ఓర్ అందుకున్న తరువాత, మరో డిఫెన్స్ ఆటగాడికి హార్ట్ దక్కింది 2000లో, క్రిస్ ప్రాంగర్‌కు. ఆ ఇరవై ఎనిమిదేళ్లలో రేమండ్ బోర్క్ వంటి డిఫెన్స్ ఆటగాళ్లకు కూడా అది అందలేదు. ఓర్ దాన్ని వరుసగా మూడుసార్లు అందుకున్నాడు.