అన్ని ఊళ్లకూ ఒకే రకం బస్సులు కొంటే నిజంగా ఆదా అవుతుందా?

కూకట్‌పల్లి ప్రయాణికుడు:
2022లో హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ, కోల్‌కతా, సూరత్‌లకు కలిపి 5,450 ఎలక్ట్రిక్ బస్సులకు కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ సీఈఎస్‌ఎల్ ఒకే టెండర్ పిలిచింది కదా. 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు 43.49 రూపాయలు, 9 మీటర్లదానికి 39.21 పలికింది. మరి డీజిల్ బస్సులు కూడా ఆర్టీసీలన్నీ ఇలా కలిసి కొనుక్కోవచ్చుగా? అడ్డమేంటి?

లెక్కల మాస్టారు:
అది బస్సు ధర కాదండీ. బస్సు కంపెనీదే, నడిపేదీ బాగుచేసేదీ వాళ్లే. రవాణా సంస్థ ఆ కంపెనీకి కిలోమీటర్ల లెక్కన కడుతుంది, కరెంటు ఖర్చు కూడా అందులోదే. సొంతానికి కొనే డీజిల్ బస్సుతో పోల్చలేం.

స్టోర్స్ తాతయ్య:
కొనే దగ్గర మిగిలేది ఒక ఎత్తు, ర్యాకులో మిగిలేది ఇంకో ఎత్తు బాబూ. నేను 31 ఏళ్లు డిపో స్టోర్స్‌లో చేశాను. రెండు కంపెనీల చాసిస్‌లు, ఒక్కోదాంట్లో మూడు నాలుగు మోడళ్లు. ముందు అద్దాలే నాలుగు సైజులు!

ఒక రాత్రి ఒంటిగంటకు మెకానిక్ వచ్చి క్లచ్ ప్లేట్ అడిగాడు. తెల్లారి 4:15 బండి అది. ర్యాకులో ఆరు ప్లేట్లున్నాయి, ఒక్కటీ ఆ మోడల్‌కి పట్టదు. చివరికి గ్యారేజీలో ఆగి ఉన్న ఇంకో బస్సుది పీకి దీనికేశాం. బండి టైముకే వెళ్లింది. పీకిన బస్సు మాత్రం పదకొండు రోజులు కదల్లేదు. ఆ పదకొండు రోజుల నష్టాన్ని ఏ టెండర్ కాగితంలోనూ రాయరు.

కూకట్‌పల్లి ప్రయాణికుడు:
ఒకే రకం అంటే ఒకే కంపెనీ చేతిలో చిక్కుకోవడమే కదా తాతయ్యా? రేపు వాడు స్పేర్ల రేటు పెంచితే?

స్టోర్స్ తాతయ్య:
పెంచుతాడు, పెంచకుండా ఉంటాడా? అందుకే ఇంజిన్ ఎవరిదైనా కానీ. అద్దం, తలుపు, సీటు, లైట్లు, ఫిల్టర్లు, బ్రేక్ లైనర్లు ఒకే కొలతలో ఇమ్మనాలి, ఎవరి దగ్గరైనా కొనుక్కునేలా. పెద్ద ఆర్డర్ ఉంటేనే కంపెనీ ఆ మాట వింటుంది. యాభై బస్సులకు అడిగితే నవ్వుతాడు.

ఘాట్ బండ్లను మాత్రం ఈ లెక్కలో కలపకండి. పాడేరు మలుపుల్లో పొడుగు బస్సు ఒక్క తిప్పుకి తిరగదు. వెనక్కీ ముందుకీ ఆడిస్తుంటే కిందనుంచి వచ్చే లారీవాడు హారన్ ఆపడు.