చర్చ: పుట్టుకతో వచ్చిన గుణం చదువుతో మారుతుందా?

సందేహి

మన శతకాలు ఈ ప్రశ్నకు రెండు జవాబులూ చెబుతున్నాయి. వేమన పేరున ఉన్న పద్యాల్లోనే ఒకచోట “తినగ తినగ వేము తియ్యనుండు, సాధనమున పనులు సమకూరు ధరలోన” అని ఉంటే, మరొకచోట “ఎలుకతోలు దెచ్చి యేడాది యుతికిన నలుపు నలుపె గాని తెలుపు గాదు” అని ఉంది. శునకాన్ని కనకపు సింహాసనం మీద కూర్చోబెట్టినా వెనుకటి గుణం మానదని సుమతీ శతకకారుడు తేల్చేశాడు. పిల్లలను పెంచేటప్పుడు వీటిలో దేనిని నమ్మాలో పెద్దలు చెప్పగలరు.

తాళపత్రం

ఒక చిన్న మాట. బ్రౌను దొర 1829లో అచ్చు వేయించిన సంకలనంలో వేమన పద్యాలు 693 ఉంటే, 1839 నాటి కూర్పులో 1,164 ఉన్నాయి. నోటినుంచి నోటికి, ప్రతినుంచి ప్రతికి పెరుగుతూ వచ్చిన పద్యాలన్నీ ఒక్క మనిషివే అనుకుని వాటిలో ఏకాభిప్రాయం వెతకడం అనవసరం.

పల్నాటి పంతులు

ఎవరు రాసినా వాటిలో వైరుధ్యం లేదని నా అభిప్రాయం. సాధన వల్ల సమకూరేవి పనులని మొదటి పద్యమే చెబుతోంది. గుణం మారుతుందని అది అనలేదు. ఇసుకనుంచి తైలం తీయవచ్చునేమో గాని మూర్ఖుని మనసు రంజింపజేయలేమని భర్తృహరి చెప్పినదీ, దానిని ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసినదీ ఈ తేడా తెలిసే. బడిలో చేరిననాడు కోపిష్ఠిగా ఉన్నవాడు పదవ తరగతి దాటేనాటికి కోపాన్ని అణచుకోవడం నేర్చుకుంటాడు. అది చదువు చేసిన మేలే, కాదనను. కానీ లోపలి నిప్పు ఆరిందని ఏ ఉపాధ్యాయుడూ హామీ ఇవ్వలేడు.

చీరాల పాఠకుడు

పంతులుగారూ, పద్యంగా ఉన్నంతవరకు ఆ మాట వల్ల పెద్ద హాని లేదు. అదే మాట చట్టమైతే ఏమవుతుందో మా ప్రాంతం చూసింది. పుట్టుకను బట్టి కొన్ని జాతులను నేరస్థులుగా లెక్కగట్టే చట్టాన్ని ఆంగ్లేయ ప్రభుత్వం 1871లో తెచ్చి, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేసింది. ఆ తరువాత కొద్ది కాలానికే బాపట్ల సమీపంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం వెలిసింది. ఎరుకల కుటుంబాలను అక్కడికి చేర్చి, హాజరు పట్టీ పెట్టి, అనుమతి లేనిదే ఊరు దాటనివ్వకుండా ఉంచారు. వారిలో దొంగతనం ఎరుగని వారెందరున్నా పట్టీలో పేరు తప్పలేదు.

ఇందులో అసలు విచిత్రం వేరే ఉంది. అదే 1911 చట్టం, ఆరేళ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రులనుంచి వేరు చేసి సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. నేరం రక్తంలోనే ఉంటే ఆ పాఠశాల ఎందుకు? పెంపకంతో గుణం మారేదైతే పుట్టిన బిడ్డనే నేరస్థుల జాబితాకు చేర్చడం ఎందుకు? మీరు శతకాల్లో లేదంటున్న వైరుధ్యం ఆ చట్టంలో నిండుగా ఉంది. ఆ రెండు నమ్మకాల్లో ఏది తమకు అనుకూలమైతే దానిని పాలకులు వాడుకున్నారు.

1952లో చట్టం రద్దయినా ముద్ర పోలేదు. 1970ల్లో హేమలతా లవణం, ఆమె భర్త లవణం ఆ ఊళ్లో పనికి పూనుకున్నప్పుడు పిల్లల చదువు మీద, పెద్దల జీవనోపాధి మీద దృష్టి పెట్టారు. ఆమె మహాకవి జాషువా కుమార్తె కావడం కాకతాళీయమని నేననుకోను. పుట్టుకను బట్టి జైలులో పని కేటాయించడాన్నీ, విముక్త జాతుల వారిని అలవాటు పడిన నేరస్థులుగా చూడడాన్నీ తప్పని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది.

పల్నాటి పంతులు

మీరు చెప్పిన అన్యాయాన్ని నేను సమర్థించను. అయితే ఆ ఉదాహరణ మీ వాదానికి పనికిరాదు. ఆ ఊరివారికి చెడ్డ గుణం మొదట లేనప్పుడు, అది మారిందని చూపడమెలా? జాతికి గుణం అంటగట్టడం వేరు, ఒక మనిషికి ఒక స్వభావం ఉందనడం వేరు. 1972లో జయప్రకాశ్ నారాయణ్ ముందు ఆయుధాలు దించిన చంబల్ బందిపోట్లను చూపి ఉంటే వాదం నిలిచేది. కానీ వారికి ఉరిశిక్ష ఉండదన్న హామీ దొరికిందనీ మరువకూడదు. లొంగుబాటులో పశ్చాత్తాపం ఎంతో, లెక్క ఎంతో విడదీయగలవారెవరు?

చీరాల పాఠకుడు

విడదీయనక్కరలేదంటాను. ఆయుధం దించినవాడు మళ్లీ పట్టకుండా బతికితే అతని లోపలి సంగతి మనకెందుకు? పైగా జాతికీ మనిషికీ మధ్య మీరు గీసిన గీత తరగతి గదిలో అంత స్పష్టంగా ఉండదు. “వాడి నాన్నా ఇంతే” అనే మాట నేను ఉపాధ్యాయుల గదుల్లోనే విన్నాను. స్వభావం మారదనే నమ్మకం ఉన్నవారు బడి మారే ప్రతి విద్యార్థి టీసీలోనూ నడవడి గురించి ఎందుకు రాసిస్తారో కూడా చెప్పండి.

పల్నాటి పంతులు

ఆ గడిలో రాసేది నడవడి గురించే, స్వభావం గురించి కాదు. “వాడి నాన్నా ఇంతే” అన్న ఉపాధ్యాయుని విషయంలో మాత్రం నేను మీ పక్షమే.