సాయం పట్టు, సాయం రా, సాయం చెయ్యి: మూడూ ఒకటేనా?

మొన్న ఆదివారం పొద్దున్నే చేపల కోసం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. వేలంలో కొన్న సరుకు గంపకెత్తుకుని, పైన ఐసు చల్లి, తలమీద చుట్టకుదురు సర్దుకుంటూ ఒకావిడ నా వైపు చూసి "బావూ, ఓపాలి సాయం పట్టు" అంది. ఒక అంచు నేను, ఒక అంచు ఆవిడ. గంప లేచింది, ఐసునీళ్ళు నా చొక్కా చేతిలోంచి మోచేతిదాకా కారాయి. ఆవిడ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. థాంక్సూ లేదు, మొహమాటమూ లేదు. నాకూ ఏదో ఉపకారం చేశానని అనిపించలేదు.

అదే వారం మా అపార్ట్‌మెంటులో లిఫ్టు ఆగిపోయింది. గ్యాస్ సిలిండర్ మూడో అంతస్తుకి చేర్చాలి. మొదటి అంతస్తులో ఒకాయన తలుపు తీసుకుని పేపరు చదువుతున్నారు. "కాస్త సహాయం చేస్తారా అండీ" అనే మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఒక్కణ్ణే మోశాను. సాయం పట్టమనడానికి సిగ్గుపడితే నడుం పట్టేసింది.

పడుకుని ఆలోచిస్తుంటే వచ్చిన సందేహం ఇది. "చెయ్యండి" అంటే పని మొత్తం అవతలివాళ్ళ నెత్తిన పెట్టినట్టుంది. "పట్టండి" అంటే మోసేది నేనే, ఎత్తేటప్పుడు మాత్రం ఇంకో చెయ్యి కావాలి. గంప ఊరంతా మోయగలిగిన మనిషి కూడా దాన్ని తన తలమీదికి తాను ఎత్తుకోలేదు కదా. మీ ఇళ్ళల్లో ఏమంటారు?

*మర్రిపాలెం నుంచి:* సంస్కృతంలో సహాయుడంటే అసలు కూడా వచ్చేవాడు, తోడు. సహ అంటే కలిసి, అయ అంటే వెళ్ళడం. మన తెలుగులో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. "చీకటి పడింది, సందు చివరిదాకా సాయం రారా" అంటుంది మా అమ్మ. అక్కడ మోసేదేమీ ఉండదు, పక్కన నడిస్తే చాలు. "సహాయం చేయగలరు" మాత్రం నాకు అర్జీల భాషలా వినిపిస్తుంది.

*భీమిలి నుంచి:* మీరిద్దరూ అడగడాన్ని మరీ తేలిక చేసేస్తున్నారు. పోతన గజేంద్రుడు "లావొక్కింతయు లేదు" అన్నాకే కదా పిలిచాడు! లావంటే అక్కడ బలమండీ, ఒళ్ళు కాదు. ఉన్న బలమంతా అయిపోయాక అడగాలి. మా నాన్నగారు అలాగే పెంచారు. "ఎరువుల సొమ్ము బరువుల చేటు" అని ఊరికే అన్నారా పెద్దలు?

*నేను:* ఏనుగు వెయ్యేళ్ళు పోరాడింది. నా నడుం రెండు మెట్ల వరసలకే మొరాయించింది, పోలిక కుదరదు. సామెత ఎరువు తెచ్చుకున్న నగల గురించి. పెళ్ళికి పెట్టుకున్న గొలుసు తిరిగిచ్చేస్తాం. గంపకి పట్టిన చెయ్యిని ఆవిడ ఎవరికి తిరిగివ్వాలి?

*మర్రిపాలెం నుంచి:* భీమిలి వారూ, అదే పద్యం చివర చూడండి. ముందు "రావే ఈశ్వర", ఆ తరవాతే "కావవే వరద". మా అమ్మ మాటే!

*గాజువాక నుంచి:* నాకు పద్యాలు రావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా, తరవాత రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు లేదు. కింద ట్యాంకరు, మేము నాలుగో అంతస్తు. మొదటిరోజు ఎవరి బకెట్లు వాళ్ళమే మోసుకున్నాం, సగం నీళ్ళు మెట్ల పాలు. రెండోరోజు ఎవరు మొదలెట్టారో తెలీదు, మలుపుకొకరు నిలబడ్డాం. మెట్లపొడుగునా ఒకటే మాట: "అందుకో". ఎదురింటాయన పేరు నాకు ఆరోజే తెలిసింది, అప్పటికి నాలుగేళ్ళు పక్కపక్కనే ఉన్నాం. చేదోడు అంటే చెయ్యి తోడు అని బళ్ళో చెప్పారు గానీ నాకు అర్థమైంది ఆ మెట్లమీదే. కరెంటు వచ్చాక తలుపులు మళ్ళీ మూసుకున్నాయి, అది వేరే సంగతి.

*నేను:* "అందుకో"ని మరిచేపోయాను. అది అడగడం కూడా కాదు, ఇవ్వడంలా వినిపిస్తుంది.

*భీమిలి నుంచి:* నేనింకా ఒప్పుకోలేదు. అడగడం అలవాటైతే మన కాళ్ళు మనకి గుర్తుండవు. అది అలా ఉంచండి. మా ఇంట్లో సున్నాలు వేయిస్తున్నాం, బీరువా జరపాలి. ఆదివారం ఎవరైనా సాయం పడతారా?

*నేను:* గాజువాక వారు పడతారు. నా నడుం సంగతి తెలుసుగా, నేను సాయం వస్తాను.