దానియేలు 9లోని డెబ్బై వారాలు: 457 నుంచి లెక్కించాలా, 445 నుంచా?

ప్రశ్న

అందరికీ వందనాలు. యౌవనస్థుల కూడికలో మెస్సీయ ప్రవచనాలు వరసగా చెప్పుకుంటున్నాం. వచ్చే వారం దానియేలు 9:24-27. చేతిలో రెండు చార్టులున్నాయి. ఒకటి క్రీ.పూ. 457లో (ఎజ్రా 7లోని ఆజ్ఞ) మొదలై క్రీ.శ. 27లో యేసు బాప్తిస్మం దగ్గర ఆగుతుంది. రెండోది క్రీ.పూ. 445లో (నెహెమ్యా 2లోని ఆజ్ఞ) మొదలై క్రీ.శ. 32లో యెరూషలేము ప్రవేశం దగ్గర ఆగి, రోజుతో సహా సరిపోయిందంటుంది. ఆజ్ఞ బయలుదేరింది మొదలు అభిషిక్తుడి దాకా 7 + 62 = 69 వారాలు; వారానికి ఏడేళ్లు చొప్పున 483 ఏళ్లే కదా! 445 నుంచి లెక్కేస్తే 38 వస్తోంది గానీ 32 రావట్లేదు. తేడా ఎక్కడ? ఏ చార్టు వాడమంటారు?

జవాబు 1

వందనాలు బ్రదర్. ముందు మీ 38 సంగతి. సున్నా సంవత్సరం లేదు, క్రీ.పూ. 1 అయిపోగానే క్రీ.శ. 1. కాబట్టి 483లోంచి 445 తీసేసి ఒకటి కలపాలి, 39 వస్తుంది. 457 తీసేస్తే 26, ఒకటి కలిపితే 27. మొదటి చార్టు లెక్క ఇంతే.

రెండో చార్టు ఏడాదికి 360 రోజులే వేసుకుంటుంది. స్కాట్లండ్ యార్డులో పెద్ద అధికారిగా పనిచేసిన సర్ రాబర్ట్ ఆండర్సన్ 19వ శతాబ్దంలో వేసిన లెక్క అది. 69 × 7 × 360 = 1,73,880 రోజులు. వాటిని మన సంవత్సరాల్లోకి మారిస్తే 476 ఏళ్లు, పైన సుమారు 25 రోజులు. 445 నుంచి 476 ఏళ్లంటే క్రీ.శ. 32. మీకు తగ్గిన ఆ ఏడేళ్లు ఇక్కడ పోయాయి.

360కి ఆధారం ప్రకటన గ్రంథం 11, 12 అధ్యాయాలు (42 నెలలు, 1,260 రోజులు), ఆదికాండం 7, 8 అధ్యాయాల్లో అయిదు నెలలకి 150 రోజులు. కానీ యూదులు బతికిన క్యాలెండరు అది కాదు. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు. అది వెనకబడినప్పుడల్లా పదమూడో నెల కలిపేవాళ్లు, మనకి అధికమాసం వచ్చినట్టే. పస్కా ఎప్పుడూ వసంతంలోనే రావాలి మరి. నెహెమ్యా అయినా, పేతురు అయినా ఏళ్లని అలాగే లెక్కపెట్టారు. కాబట్టి 360 రోజుల ఏడాది ప్రవచనం కోసం ప్రత్యేకంగా తీసుకున్న కొలమానం. ఆ మాట చార్టు మీద రాయకపోతే వినేవాళ్లని తికమకపెట్టినట్టే.

జవాబు 2

“రోజుతో సహా” అన్నదాని గురించి. ఆండర్సన్ కూడిక ఇదీ: 476 × 365 = 1,73,740; మార్చి 14 నుంచి ఏప్రిల్ 6 దాకా రెండు చివరలూ కలిపి 24; లీపు రోజులు 116. మొత్తం సరిగ్గా 1,73,880. చిక్కు ఆ 116లో ఉంది. ఆయన ఇచ్చిన తేదీలు జూలియన్ క్యాలెండరువి, అందులో ప్రతి నాలుగో ఏడూ లీపే. 476ని 4తో భాగిస్తే 119. మూడు రోజులు తగ్గించి కూడారు. పైగా క్రీ.శ. 32లో పస్కా శుక్రవారానికి కుదరదు. పిలాతు కాలంలో సిలువకి చక్కగా కుదిరేవి క్రీ.శ. 30 ఏప్రిల్ 7, క్రీ.శ. 33 ఏప్రిల్ 3.

అందుకే బైబిలు పండితుడు హెరాల్డ్ హోనర్ మొదలుని క్రీ.పూ. 444కి జరిపి క్రీ.శ. 33కి తెచ్చారు. దానికి వాక్యంలోనే ఆధారం ఉంది: నెహెమ్యా 1:1లో పారసీక రాజు అర్తహషస్త ఇరవయ్యో ఏట కిస్లేవు నెల (నవంబరు-డిసెంబరు), 2:1లో అదే ఇరవయ్యో ఏట నీసాను నెల (మార్చి-ఏప్రిల్). ఏడాది నీసానులోనే మొదలైతే కిస్లేవు తర్వాతి నీసాను ఇరవై ఒకటో ఏడు కావాలి. శరదృతువులో తిష్రీ నెల నుంచి లెక్కిస్తేనే రెండూ ఒకే ఏట పడతాయి, అప్పుడు 444. ఎజ్రా 7లోని అర్తహషస్త ఏడో ఏడు 458 కాకుండా 457 అవడానికి కూడా కారణం తిష్రీ లెక్కే.

457 చార్టుకీ చిక్కులు లేకపోలేదు. ఎజ్రా 7లోని తాకీదు ఆలయం, బలులు, న్యాయాధిపతుల గురించి. పట్టణం కట్టమని సూటిగా లేదు. ఎజ్రా 4:12లో ప్రాకారాలు కడుతున్నారన్న ఫిర్యాదు దానికి కొంత ఊతం. అటు చివర, బాప్తిస్మం కాలాన్ని చెప్పే లూకా 3:1 ఉంది. తిబెరి కైసరు పదిహేనో ఏడు, ఔగుస్తు చనిపోయిన క్రీ.శ. 14 నుంచి లెక్కిస్తే 28 లేదా 29. 27 రావాలంటే తిబెరి ఔగుస్తుతో కలిసి పాలించిన కాలం నుంచి లెక్క మొదలుపెట్టాలి.

జవాబు 3

అన్నా, మన తెలుగు బైబిల్లో 25వ వచనం విరుపు గమనించండి. అభిషిక్తుడగు అధిపతి వచ్చేవరకు ఏడు వారాలు అని వాక్యం అక్కడే ముగుస్తుంది, అరువది రెండు వారాలు తర్వాతి వాక్యంలోకి వెళ్తాయి. మసోరెటులు (హెబ్రీ పాఠాన్ని భద్రపరిచిన యూదు శాస్త్రులు) హెబ్రీ ప్రతుల్లో పెట్టిన విరామం కూడా అక్కడే. రెండిటినీ కలిపి 69గా చదివేది థియొదోషన్ అనే ప్రాచీన అనువాదకుడి గ్రీకు పాఠం. కూడికలో ఎవరో ఒకరు ఇది అడుగుతారు, సిద్ధపడి వెళ్లండి.

ఆ విరుపుతో చదివే పండితులు చాలామంది ఏడు వారాల తర్వాత వచ్చే అభిషిక్తుడు పారసీక రాజు కోరెషో, ఆనాటి ప్రధానయాజకుడో అంటారు (యెషయా 45:1 కోరెషుని అభిషిక్తుడనే పిలుస్తుంది). నిర్మూలమయ్యేవాడు క్రీ.పూ. 171 ప్రాంతంలో హతుడైన ప్రధానయాజకుడు ఒనియా అంటారు. ఆలయాన్ని అపవిత్రం చేసిన గ్రీకు రాజు అంతియొకసు సంగతి 167లో. అయితే కోరెషు కాలమైన 538 నుంచి 62 వారాలు, అంటే 434 ఏళ్లు లెక్కిస్తే 104కి వస్తుంది, 171కి కాదు. వాళ్ల లెక్కలోనూ అరవై ఏడేళ్లు మిగిలిపోతున్నాయి.

ప్రశ్న అడిగినవారు

చాలా వందనాలు. మరి కూడికలో దేని మీద నిలబడాలి?

జవాబు 1

26వ వచనం మీద. అభిషిక్తుడు నిర్మూలం కావడం ముందు, పట్టణమూ పరిశుద్ధ ఆలయమూ నాశనం కావడం తర్వాత. రోమీయులు ఆలయాన్ని కాల్చింది క్రీ.శ. 70లో. మెస్సీయ ఆ లోపే వచ్చి చనిపోవాలన్నది ఏ క్యాలెండరు మీదా ఆధారపడదు. సంఘం మొదటినుంచీ పట్టుకున్న వాదన అది, నా ఉద్దేశంలో అసలు బలం అక్కడే ఉంది. చార్టు తప్పక కావాలంటే 457ది తీసుకోండి, మామూలు సంవత్సరాలు గనక పిల్లలే బోర్డు మీద కూడి చూసుకోగలరు. దాని కింద “ఎజ్రా 7, తిష్రీ లెక్క” అని రాయండి. డెబ్బయ్యో వారం వెంటనే జరిగిందా, మధ్యలో సంఘకాలం ఉందా అన్నదాంట్లో అడ్వెంటిస్టులకీ బ్రదరెన్ వాళ్లకీ పొత్తు కుదరదు. దానికి ఇంకో వారం పెట్టుకోండి.