నగ చేయిస్తే పెట్టుబడి పెట్టినట్టేనా?

గుంటూరు కోడలు: అబ్బాయి కాలేజీ చదువుకు ఏడేళ్లలో డబ్బు కావాలి. చేతిలో కొంత మొత్తం ఉంది. బ్యాంకులో వేద్దామంటే మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. "హారం చేయిద్దాం. మెడలోనూ ఉంటుంది, పెట్టుబడీ అవుతుంది" అంటున్నారు. ఆవిడ లెక్కలో చీటీ, స్థలం, చివరికి కొత్త ఫ్రిజ్ కూడా పెట్టుబడే! నగను అలా అనవచ్చా?

కాటా దగ్గర మనిషి: అమ్మా, నేను నగల దుకాణంలో లెక్కలు రాస్తాను. 40 గ్రాముల హారానికి తరుగు 14 శాతం అనుకోండి. అంటే 5.6 గ్రాములు. మెడలో పడేది 40 గ్రాములు, డబ్బు కట్టేది 45.6 గ్రాములకు. ఆ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ. మర్నాడే అమ్మితే తరుగూ రాదు, పన్నూ రాదు. బంగారం ధర 17 శాతానికి పైగా పెరిగితే గానీ పెట్టిన డబ్బు దక్కదు. రాళ్ల హారమైతే రాళ్ల బరువు తీసేసి కొంటారు, కాబట్టి బిల్లులో నికర తూకం వేరుగా రాయించుకోండి.

నగ దండగ అనను. ఆపదలో తాకట్టుకు దాన్ని మించినది లేదు. కానీ ఫీజు కట్టే రోజున అత్తగారు మెడలోంచి తీసి ఇస్తారా? ఇవ్వరనుకుంటే అది అలంకారం, అంతే. బంగారమే కావాలంటే గోల్డ్ ఈటీఎఫ్ చూడండి, అంటే బంగారం ధరను బట్టి విలువ మారే ఫండ్, షేర్లలా కొనుక్కోవచ్చు. షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా ఉండాలి, తరుగు గొడవ ఉండదు.

పత్తి చేను: మా దగ్గర పెట్టుబడి అంటే విత్తనాలు, ఎరువులు, కూలీ. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు పంటకు ఎకరానికి 4,000 రూపాయలు ఇచ్చింది కూడా పెట్టుబడి సాయం పేరుతోనే. చేలో పోసిన డబ్బు పంటతో తిరిగి రావాలి. రాకపోతే "పెట్టుబడి కూడా రాలేదు" అంటాం. పొలాన్ని మాత్రం ఆస్తి అంటాం. హారం ఏ పంటా పండించదు, ధర పెరగాలని ఎదురుచూడటమే. ఈటీఎఫ్ అయినా అంతే కదా, కాటా గారూ?

కాటా దగ్గర మనిషి: నిజమే. అందుకే మొత్తం డబ్బు బంగారంలో పెట్టమనను. ఫీజుకు కావలసింది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకోండి, వడ్డీ వస్తుంది.

గుంటూరు కోడలు: తరుగు లెక్క అత్తగారికి చూపించాను. శ్రద్ధగా విని, "అయితే రాళ్లు లేని గాజులు చేయిద్దాం, తరుగు తక్కువ" అన్నారు. సాదా గాజులకు ఎంత వేస్తారండీ?