‘టెక్నాలజీ బదిలీ’లో బదిలీ అయ్యేది ఏది?

‘టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్’కు పత్రికల్లో ‘సాంకేతిక పరిజ్ఞాన బదిలీ’ అని రాస్తున్నారు. ఈ మాట దారి తప్పిస్తోంది. బదిలీ అరబీ ‘బదల్’ నుంచి వచ్చింది. తహసీల్దారు బదిలీ అయితే పాత ఊళ్లో కుర్చీ ఖాళీ. విశ్వవిద్యాలయం తన పేటెంటును కంపెనీకి ఇచ్చినప్పుడు మాత్రం చాలాసార్లు హక్కు దాని దగ్గరే ఉంటుంది, కంపెనీకి దక్కేది వాడుకునే అనుమతి, అంటే లైసెన్సు. హక్కే చేతులు మారితే మన దస్తావేజుల్లో ‘దఖలు పరచడం’ ఉండనే ఉంది. మరి లైసెన్సును ‘కౌలు’ అంటే?

జవాబు: సగమే సరిపోతుందండీ. కౌలు పండినా ఎండినా కట్టాల్సిందే. రాయల్టీ అమ్మకాల్లో వాటా, అంటే ‘పాలు’. సీమలో గుత్త (ఇంత అని ముందే ఖాయం చేసిన కౌలు) వేరు, కోరు (పంటలో వాటా) వేరు అన్నట్టు. (గుత్తాధిపత్యంలోని గుత్త ఇదే.) ఒప్పందాల్లో రెండూ పెడతారు. ఏటా కనీస రాయల్టీ అన్న షరతు లేకపోతే, పోటీవాళ్లకు దక్కకుండా లైసెన్సు తీసుకుని మూలన పడేసే కంపెనీలుంటాయి. వాటా తగువంతా ‘నికర అమ్మకాలు’ దగ్గరే: పన్నులు, రవాణా, వాపసు సరుకు తీసేయడం మామూలు. డీలర్ల కమీషన్, ప్రకటనల ఖర్చు కూడా తీసేయొచ్చా? ముందే రాసుకోవాలి.

జవాబు: ఒకే చేను పదిమందికి కౌలుకివ్వలేం కదా! స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల కోహెన్-బోయర్ పేటెంట్లకు (జన్యువులను కత్తిరించి అతికించే పద్ధతి మీదివి) 1997లో గడువు తీరేలోగా 468 కంపెనీలు లైసెన్సు తీసుకున్నాయి. అదే స్టాన్‌ఫర్డ్, వెబ్ పేజీలకు ర్యాంకులిచ్చే పేజ్‌ర్యాంక్ పద్ధతిని ఒక్క గూగుల్‌కే ఇచ్చి షేర్లు పుచ్చుకుంది. 2005లో అమ్మితే 33.6 కోట్ల డాలర్లు వచ్చాయి. పైగా కౌలు నోటిమాట మీద నడుస్తుంది. మన 1970 పేటెంటు చట్టం 68వ సెక్షన్ ప్రకారం షరతులన్నీ రాసి సంతకాలు చేసిన పత్రం లేకపోతే లైసెన్సు చెల్లదు. ఆపైన పేటెంటు ఆఫీసులో ఫారం 16తో నమోదు.

జవాబు: అందరూ పేటెంటు చుట్టూనే తిరుగుతున్నారు. ‘నో-హౌ’ సంగతో? దాన్ని ‘కిటుకు’ అనండి. లీటరు ఫ్లాస్కులో చల్లగా సాగిన రసాయన చర్య వెయ్యి లీటర్ల రియాక్టర్‌లో అదుపు తప్పొచ్చు. ఘనపరిమాణం వెయ్యింతలైతే ఉపరితలం వందింతలే, వేడి అంత త్వరగా బయటికి పోదు. అంత పెద్ద రియాక్టర్‌లో ఏది ఎంతసేపట్లో పోయాలో పేటెంటు చదివితే తేలదు. కనిపెట్టినవాళ్లు ప్లాంటుకు వెళ్లి నేర్పాలి. వరసగా ఎన్ని బ్యాచ్‌లు సరిగా వస్తే నేర్పడం పూర్తయినట్టో ఒప్పందంలో ఉండాలి. నేర్పినవాడి దగ్గర విద్య ఎటూ పోదు కాబట్టి ఇక్కడా బదిలీ కుదరదు.

మొదటి ప్రశ్న వేసినవారు: సరే, కౌలు వెనక్కి తీసుకుంటున్నా. రాయల్టీకి ‘పాలు’ మాత్రం వదలను, ఎవరైనా గేదెను వెతుక్కున్నా సరే.